మూడు ముక్కలు

మొన్న సంఘం వారి సభలో సంపాదకులు నన్ను పట్టుకుని, "మీరు ఆదివారాలు తెరచాప పడవ మీద తిరుగుతారట గదా! మన పత్రికకు దాన్ని గురించి నాలుగు ముక్కలు రాసి ఇవ్వరాదూ?" అన్నారు. సముద్రపు గాలి, వెన్నెల, కెరటాలు - ఇలాంటివి రాస్తాననుకున్నారు కాబోలు. నాకు మాత్రం పడవ అనగానే జ్ఞాపకం వచ్చేది వెన్నెల కాదు, ఇంజను. అంచేత నాలుగు ముక్కలు కాదు గాని, మూడు ముక్కల సంగతి చెబుతాను. అవి రబ్బరు ముక్కలు. ఒక్కొక్కటి బొటనవేలి గోరుకంటె కాస్త పెద్దది. వాటి మూలాన నేను మా అక్క ముందూ, ఆమె కొడుకు ముందూ, అందరికంటె మా చిన్నాయన ముందూ తల వంచుకోవలసి వచ్చింది.

పడవ నాది కాదని ముందే మనవి చేస్తాను. లెక్కల గుమాస్తా జీతంలో పడవ కొనడం జరిగే పని కాదు. అది నాతోపాటు ఒకే ఆఫీసులో పనిచేసిన మరాఠీ మిత్రునిది. ముప్ఫై అడుగుల పాత పడవ. గేట్‌వే ఆఫ్ ఇండియా ఎదుట నీళ్ళలో బోయాకు కట్టి ఉంటుంది. వానకాలం నాలుగు నెలలూ ఒడ్డుకు ఎక్కిస్తారు; అక్టోబరు వచ్చాక మళ్ళీ నీళ్ళలో దింపుతారు. తెరచాప పడవకు ఇంజనెందుకని చాలామంది అడుగుతారు. గాలి మన మాట వినదు గదా! గాలి పడిపోయినప్పుడూ, పాటు ఎదురైనప్పుడూ, ఇరుకు రేవులోకి వచ్చేటప్పుడూ ఇంజనే దిక్కు. ఈ పడవలో మెట్ల కింద పెట్టెలో మూడు సిలిండర్ల చిన్న డీజిలు ఇంజను ఉంది. ఇరవై గుర్రాల బలం.

ఆ ఇంజను చూసే పని నా నెత్తిన పడటానికి మా చిన్నాయన కారణం. ఆయన బొంబాయి రేవులో పడవలు మరమ్మతు చేసే షాపులో ఫిట్టరుగా ఉండి 1999లో రిటైరయినాడు. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన వెంట పోయి పానాలు అందించేవాణ్ణి. అంతే నా విద్య. కాని లెక్కల ఆఫీసులో పానా పట్టడం తెలిసినవాడు నేనొక్కణ్ణే కావడం చేత మా మిత్రుడు నన్ను ఇంజనీరుగా నియమించాడు.

మా తాత 1930ల్లో కరీంనగరం జిల్లాలోని ఒక పల్లెనుంచి బొంబాయికి వచ్చాడు. అంతకు ఎంతో ముందునుంచే మనవాళ్ళు ఈ ఊళ్ళో రాళ్ళు మోసి, గోడలు కట్టి బ్రతికినవారే. కామాఠీపురా అన్న పేరు వారినిబట్టి వచ్చిందే. మా తాత కూడా వచ్చి రాళ్ళే మోశాడు. కాని ఊళ్ళో ఉన్నప్పుడు మాది నీరటి పని. ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలియదు. చెరువు తూము తీయడం, కాలువ వెంట నడిచి ఎక్కడ గండి పడింది, ఎక్కడ పూడిక పడింది చూసుకోవడం, ఎవరి మడికి ఎంత పారాలో అంత పారించడం - ఇది నీరటి పని. ఆ పనిని మా తాత ఎందుకు వదులుకుని వచ్చాడో నాకు చాలాకాలం తెలియదు. కరువేమో అనుకునేవాణ్ణి.

ఇక ఇంజను సంగతి. డీజిలు ఇంజను నడిస్తే వేడెక్కుతుంది. మోటారు కారులో ఆ వేడిని రేడియేటరు గాలికి వదిలిపెడుతుంది. పడవలో ఇంజను పెట్టెలో మూసి ఉంటుంది, గాలి ఆడదు. చుట్టూ ఉన్నది సముద్రం గనుక, వేడిని సముద్రానికే అప్పగిస్తారు. అయితే ఉప్పునీళ్ళు ఇంజను పొట్టలో తిరిగితే ఇనుము తినేస్తాయి, వేడికి ఉప్పు పేరుకుంటుంది. అంచేత చాలా ఇంజన్లలో నీళ్ళు రెండు జట్లు. మంచినీళ్ళూ మందూ కలిపిన జట్టు ఇంజను లోపలే తిరుగుతుంది. ఉప్పునీళ్ళ జట్టు బయటినుంచి వచ్చి, మంచినీళ్ళ వేడిని తీసుకుని, మళ్ళీ బయటికి పోతుంది. రెండూ ఒకదాన్నొకటి తాకవు. మధ్యన సన్నని రాగి గొట్టాల గోడ ఉంటుంది. పుస్తకాల్లో దానికి హీట్ ఎక్స్‌ఛేంజరని పేరు. రేవులో ఫిట్టర్లు కూలరంటారు.

ఉప్పునీళ్ళ దారిని మా చిన్నాయన వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పేవాడు. పడవ అడుగున ఒక కన్నం. దానిమీద ఒక వాల్వు. అక్కడినుంచి గొట్టంలో వచ్చి, జల్లెడ ఉన్న స్ట్రెయినరు డబ్బాలోకి. చెత్త అక్కడ ఆగాలి. తర్వాత పంపు. పంపులో రబ్బరు రెక్కల చక్రం ఒకటి తిరుగుతుంది, దాన్ని ఇంపెల్లరంటారు. మా ఇంజనుకు ఆరు రెక్కలు. పంపునుంచి కూలరు. కూలరునుంచి పొగగొట్టం మెడ. అక్కడ నీళ్ళు పొగతో కలుస్తాయి. ఇది ముఖ్యం. ఆ నీళ్ళే లేకపోతే మండే పొగ వెనకనున్న రబ్బరు గొట్టాన్ని కాల్చేస్తుంది. అక్కడినుంచి సైలెన్సరు, చివరకు పడవ వెనక భాగాన నీళ్ళూ పొగా కలిసి గుప్పుగుప్పున బయట పడతాయి.

"నీళ్ళు ఆగినయంటే ఇంజనును తిట్టకు బిడ్డా. నీళ్ళెంబడి నడువు. తూము కాడ మొదలువెట్టి ఆఖరి మడి దాక పో" అనేవాడు. ఆయన పుట్టింది వర్లీ చాల్లో. చెరువునూ తూమునూ కంటితో చూసింది తక్కువే. అయినా ఆ మాటలు ఆయన నోట్లోంచి పోలేదు.

2018 నవంబరులో ఒక ఆదివారం పొద్దున నేనూ మా మిత్రుడూ మాండ్వా వైపు బయలుదేరాము. గేట్‌వేనుంచి సుమారు ఏడు సముద్రపు మైళ్ళు. పొద్దున గాలి లేదు గనుక ఇంజను మీద పోతున్నాము. ఇరవై నిమిషాలయేసరికి ఇంజను గొంతు మారింది. వెనకనుంచి గుళగుళమని వచ్చే చప్పుడు పోయి, పొడిదగ్గు లాంటి చప్పుడు వచ్చింది. వంగి చూస్తే నీళ్ళకు బదులు తెల్లని ఆవిరి. ముల్లు ఇంకా పైకి పోనేలేదు. చిన్నాయన ఎప్పుడూ అనేవాడు, ముల్లుకంటె చెవి ముందు చెబుతుందని. వెంటనే ఇంజను ఆపేశాము. అప్పటికి కొంచెం గాలి తిరిగింది. చిన్న తెరచాప ఎత్తి, పడవను నిలకడగా ఉంచాము.

నేను నీళ్ళ వెంట నడవడం మొదలుపెట్టాను. అడుగు వాల్వు మూసి, దానిమీది గొట్టం ఊడదీసి, మళ్ళీ వాల్వు కొంచెం తెరిచాను. ఆ కన్నం నీటిమట్టానికి కింద ఉంటుంది గనుక నీళ్ళు ఉబికి రావాలి. చెమ్మ తప్ప ఏమీ రాలేదు. అంటే అడ్డు బయటే ఉంది. రబ్బరు డింగీకి గాలి కొట్టే కాలిపంపు తెచ్చి, గొట్టం వాల్వుకు పెట్టి తొక్కాను. నాలుగో తొక్కుకు బుడబుడమంది. పడవ వెనక ఒక ప్లాస్టిక్ సంచి తేలింది! ఏ కిరాణా దుకాణం వాళ్ళదో. బొంబాయి రేవులో నీళ్ళు తోడే పంపుకు మొదటి శత్రువు చేపా కాదు, నాచూ కాదు. మనం పారేసే సంచి.

గొట్టం బిగించి, స్ట్రెయినరు కడిగి, ఇంజను తిప్పాను. నీళ్ళు వచ్చాయి గాని, పిల్లవాడు ఉచ్చ పోసినట్టు సన్నగా వచ్చాయి. సరే, తర్వాతి మజిలీ పంపు. మూత మరలు విప్పి చూశాను. ఆ రబ్బరు చక్రానికి నీళ్ళే నూనె. నీళ్ళు లేకుండా కొద్ది నిమిషాలు తిరిగిందా, ఒరుసుకుని కాలి విరుగుతుంది. ఆరు రెక్కల్లో మూడు మొదలంటా తెగిపోయి ఉన్నాయి. పెట్టెలో కొత్త ఇంపెల్లరు ఉంది. దానికి కొంచెం సబ్బునీళ్ళు రాసి, రెక్కలు తిరిగే వైపుకు వంచి, దోపాను. మూత వేసి తిప్పగానే నీళ్ళు ధారగా గుప్పుమన్నాయి. మా మిత్రుడు నా వీపు తట్టాడు. ఆ రోజు మాండ్వాలో తిన్న వేయించిన చేప రుచి ఇప్పటికీ మరిచిపోలేదు. గెలిచినవాడి భోజనం అది.

సాయంత్రం ఇంటికి వచ్చి ఈ పరాక్రమమంతా చిన్నాయనకు చెప్పాను. ఆయన మంచం మీద కూర్చుని, పొడుం పీల్చుకుంటూ అంతా విన్నాడు.

"తునకలు యాడున్నయిరా?" అన్నాడు.

"ఇరిగినయి చిన్నాయనా. కొత్తది ఏసిన."

"ఇరిగినయి సరే. ఇరిగి యాడికి పోయినయి?"

"నీళ్ళెంబడి సముద్రంల పోయి ఉంటయి."

"పోయి ఉంటయా, పోయినయా?"

నాకు కొంచెం కోపం వచ్చింది. పొద్దంతా పని చేసి వచ్చినవాణ్ణి మెచ్చుకోకుండా ఈ ప్రశ్నలేమిటి? ముసలితనం చాదస్తమనుకున్నాను. ఆయన మళ్ళీ అడగలేదు.

డిసెంబరు వచ్చింది. ఇంజను మెల్లగా నడిపితే ముల్లు 80 దగ్గర బుద్ధిగా ఉండేది. జోరు పెంచితే 90 దాటేది. నేను చేయని ప్రయత్నం లేదు. బెల్టు బిగించాను. మంచినీళ్ళ మట్టం చూశాను. ఇంజను చల్లారాక మూత తీసే చూశాను. వేడి మీద తీస్తే ముఖం కాలుతుంది. ముల్లే అబద్ధం చెబుతున్నదేమోనని వేరే థర్మామీటరు పెట్టి పోల్చాను. చివరకు థర్మోస్టాట్ మీద అనుమానం పడింది. అది మంచినీళ్ళ దారిలో ఉండే తలుపు. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ మూసుకుని ఉండి, వేడెక్కగానే తెరుచుకుంటుంది. తెరుచుకుంటున్నదో లేదో పరీక్ష చేయడం సులువే. నీళ్ళలో వేసి కాచి చూడాలి. ఇంటికి తెచ్చి, వంటింట్లో కనిపించిన గిన్నెలో వేసి స్టవ్ మీద పెట్టాను. అది పాలగిన్నె. ఆ సంగతి మా ఇంటావిడ వచ్చి చెప్పేదాకా నాకు తెలియదు. థర్మోస్టాట్ సరిగ్గా తెరుచుకుంది. మా ఇంటావిడ నోరు కూడా.

ఇవన్నీ చేశాను గాని, ఒక్కటి చేయలేదు. నీళ్ళ వెంట నడవలేదు. పంపుదాకా ఒకసారి నడిచాను గదా, ఆ దారి అయిపోయిందనుకున్నాను.

2019 ఫిబ్రవరిలో మా అక్కా, ఆమె కొడుకూ పడవ ఎక్కుతామన్నారు. పిల్లవాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఖాందేరీ ద్వీపం దాకా పోయి, దీపస్తంభం చుట్టి వద్దామని బయలుదేరాము. పోయేటప్పుడు అంతా బాగానే ఉంది. వచ్చేటప్పుడు పొద్దు వాలింది. మధ్యాహ్నమంతా వీచిన వాయవ్యపు గాలి దీపాలవేళకు చప్పున పడిపోయింది. తెరచాప తడిబట్టలాగా వేళ్ళాడింది. పాటు మొదలయింది. అంటే రేవులోని నీళ్ళన్నీ బయటికి, మాకు ఎదురుగా పారుతున్నాయి. పైగా గేట్‌వే వైపు పోవాలంటే పెద్ద ఓడలు వచ్చిపోయే కాలువను అడ్డంగా దాటాలి. ఆ కాలువలో ఓడలు మనకోసం ఆగవు, ఆగలేవు. వాటికి తిరగడానికీ ఆగడానికీ చోటూ చాలదు, లోతూ చాలదు.

ఇంజను వేశాము. మెల్లగా నడిపితే పాటు మమ్మల్ని పక్కకు, బయటి సముద్రం వైపు తోసేస్తున్నది. జోరు పెంచితే ముల్లు 90, 95, అలా ఎక్కుతూ పోయింది. 100 దగ్గర అలారం మోగింది. మా అక్క ఏమీ అనలేదు. పిల్లవాణ్ణి దగ్గరకు లాక్కుంది. దూరంగా ఒక కంటెయినరు ఓడ దీపాలు కనిపిస్తున్నాయి.

"పది నిమిషాలు లాగితే దాటేస్తాం" అన్నాడు మా మిత్రుడు.

ఆ క్షణాన నాకు చిన్నాయన ప్రశ్న చెవిలో మోగింది. 'పోయి ఉంటయా, పోయినయా?' ఆ ముక్కలు సముద్రంలోకి పోలేదు. ఎక్కడో దారిలో ఉన్నాయి. నేను వాటిని లోపల పెట్టుకుని, మా అక్కనూ మేనల్లుణ్ణీ ఎక్కించుకుని వచ్చాను. కాలువ మధ్యలో ఇంజను పట్టేస్తే మమ్మల్ని లాగేవాడెవడు?

"దాటవద్దు" అన్నాను. మా మిత్రుడు పడవకు యజమాని, పెద్దవాడు. అయినా నా ముఖం చూసి మారు మాట్లాడలేదు. పడవను వెనక్కు తిప్పి, కాలువకు బాగా ఇవతల, మూడు బారల లోతున బురదలో లంగరు వేశాము. లంగరు దీపం పైకెత్తి వెలిగించాము. రేడియోలో 16వ ఛానెలు మీద మేమెక్కడ ఉన్నదీ చెప్పాము. పది పన్నెండు నిమిషాలకు ఆ ఓడ మా ముందునుంచి పోయింది. మూడంతస్తుల మేడ కాదు, వీధికి వీధే కదిలి పోయినట్టుంది. దాని అలకు మా పడవ ఊగితే పిల్లవాడు నవ్వాడు. మేము పెద్దవాళ్ళం ఎవరమూ నవ్వలేదు.

ఇంజను చల్లారేదాకా ముప్పావుగంట ఏమీ ముట్టుకోకుండా కూర్చున్నాను. తర్వాత అడుగు వాల్వు మూసి, కూలరు మొదటి మూత విప్పాను. పిల్లవాడు టార్చి పట్టుకున్నాడు. కింద గిన్నె పెట్టి నీళ్ళు దింపి, లోపల చూస్తే, రాగిగొట్టాల నోళ్ళ మీద నల్లగా రెండు రబ్బరు ముక్కలు, తలుపులు వేసినట్టు, అతుక్కుని ఉన్నాయి. వాటి చుట్టూ గుల్ల పెంకులూ, చిన్న చెత్తా చేరి సగం గొట్టాలను మూసేశాయి. జోరు లేనప్పుడు ఇంజనుకు మిగిలిన సగం సరిపోయింది. జోరు పెరిగితే చాలలేదు. మూడు నెలల ఊహలన్నీ అక్కడ తేలిపోయాయి.

ముక్కలు తీసి, చెత్త కడిగి, మూత బిగించి, వాల్వు తెరిచి ఇంజను వేశాను. ముల్లు 80 దాటి కొంచెం పైన నిలిచింది. కాలువ అటూ ఇటూ చూసుకుని దాటి, రాత్రి పదకొండు గంటలకు గేట్‌వే చేరాము. మెట్లెక్కుతూ మా అక్క ఒక్క మాట అడిగింది: "తమ్మీ, నీకు ముందే తెలుసా ఇది పాడున్నట్టు?" తెలియదని చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు. వేడెక్కుతున్నదని తెలుసు. ఎందుకో తెలుసుకోకుండానే వాళ్ళను ఎక్కించుకున్నాను.

మరునాడు రెండు ముక్కలూ తెచ్చి చిన్నాయన అరచేతిలో పెట్టాను. రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూశాడు. "మూడో తునక?" అన్నాడు. ఈసారి నాకు కోపం రాలేదు.

మరుసటి ఆదివారం, డెబ్బయి ఎనిమిదేళ్ళ మనిషి, గేట్‌వే మెట్లు దిగి చిన్న పడవ ఎక్కి, మా పడవకు వచ్చాడు. పానా అడగలేదు, బకెట్టు అడిగాడు. ఇంజను వేయించి, వెనక నీళ్ళు పడే చోట బకెట్టు పట్టించి, గడియారం చూసి ఒక్క నిమిషం ఆగమన్నాడు. కొలిస్తే 9 లీటర్లు. "మంచిగున్ననాడు ఎంత రాసినవు?" అన్నాడు. రెండేళ్ళ కింద ఆయన చెబితేనే, ఇంజను బాగున్నప్పుడు అదే జోరుమీద ఇలాగే పట్టి, నోటుబుక్కులో రాసుకున్నాను. తీసి చూస్తే 12.

"మూడు లీటర్లు యాడ పోయినయిరా?"

నెల జమాఖర్చుల్లో మూడు రూపాయలు తేడా వస్తే, దొరికేదాకా రాత్రి పది గంటలవరకు ఆఫీసులో కూర్చునేవాణ్ణి నేను. అలాంటివాణ్ణి మూడు నెలలు ఈ లెక్క చూడనే లేదు. నీళ్ళ వెంట మళ్ళీ బయలుదేరాము. పంపునుంచి కూలరుకు పోయే గొట్టం మలుపులో మూడో ముక్క అడ్డంగా ఇరుక్కుని ఉంది. తీసి, మళ్ళీ బకెట్టు పడితే 12 లీటర్లు వచ్చింది. లెక్క సరిపోయింది.

అప్పుడు, ఇంజను పెట్టె పక్కన మెట్టు మీద కూర్చుని, చేతులు తుడుచుకుంటూ చిన్నాయన చెప్పాడు:

"మీ తాత గూడ గిట్లనే అనుకున్నడు. వరి పొట్ట మీదున్నది. ఆఖరి మడికి నీళ్ళు అందుతలేవని ఒక ముసలవ్వ ఒచ్చి చెప్పింది. రాత్రి లాంతరు పట్టుకొని కాలువెంబడి పోయిండు. నడుమ ఒక గండి కనబడ్డది. మన్నూ రాళ్ళూ ఏసి కట్టిండు. ఇగ అయిపోయిందని ఇంటికొచ్చి పండుకున్నడు. దానికి కింద ఇంకోటున్నది, ఎండ్రకాయ బొక్క పెద్దగై పడ్డ గండి. ఆఖరి దాక పోయి చూడలే. నాలుగొద్దుల తర్వాత ఆ అవ్వ మళ్ళొచ్చింది. తిట్టలే. ఎండిన ఎన్నులు నాలుగు తెచ్చి మీ తాత చేతుల పెట్టి పోయింది. తెల్లారి నెలకు ఆయన బొంబాయి రైలెక్కిండు. ఎవ్వరు పొమ్మనలే. ఆ అవ్వ మొఖం చూడలేక ఒచ్చిండు."

కొంచెంసేపు ఆగి, "మనం ఈ ఊర్ల ఎందుకున్నమంటే గందుకున్నం" అన్నాడు.

కరువనుకున్నాను ఇన్నాళ్ళూ. అరవై ఏళ్ళకు పైగా చిన్నాయన కడుపులో దాచుకున్న మాట అది. మొదటి గండి కట్టినవాడికి ఇంటికి పోవాలనిపిస్తుంది. అది తప్పు కాదు; చీకటి, చలి, ఒళ్ళు నొప్పులు. నా విషయంలో అవి కూడా లేవు. మెప్పు మాత్రమే ఉంది.

చిన్నాయన 2021లో పోయాడు. ఆయన పొడుం డబ్బాలో ఆ మూడు ముక్కలూ ఇప్పటికీ పడవలో పంపు పక్కనే ఉన్నాయి. ఆయన నేర్పిన అలవాట్లు ఇంకో రెండు ఉన్నాయి. పడవ దిగేటప్పుడు అడుగు వాల్వు మూసి, ఇంజను తాళంచెవి ఆ వాల్వు పిడికే తగిలిస్తాము; మళ్ళీ వచ్చినప్పుడు వాల్వు తెరవకుండా ఇంజను వేసే పని ఉండదు. రెండోది, ఇంజను అంటుకోకుండా ఊరికే తిరుగుతుంటే ఎక్కువసేపు తిప్పము. పొగ తోసేయని నీళ్ళు సైలెన్సరులో నిండి, వెనక్కు సిలిండర్లలోకి ఎక్కుతాయి. అప్పుడు వాల్వు మూసి తిప్పాలి. అంటుకున్న క్షణాన తెరవాలి.

ఈ పత్రిక చదివేవారిలో తెరచాప పడవ ఉన్నవారు ఎందరుంటారు? యానాంలోనో, పారాదీప్‌లోనో, మద్రాసు కాశిమేడులోనో డీజిలు బోట్ల మీద బ్రతికే మనవారికి ఇందులో కొత్త లేకపోవచ్చు. వారు నాకంటె బాగా చెప్పగలరు. నేను చెప్పవచ్చింది నా తప్పు మాత్రమే.

మొన్నటి అక్టోబరులో పడవ నీళ్ళలో దింపాక ఇంపెల్లరు మార్చవలసి వచ్చింది. మా మేనల్లుడు ఇప్పుడు కాలేజీలో చేరాడు. పని తానే చేస్తానన్నాడు. నేను పైన తెరచాప తాళ్ళు సర్దుతున్నాను. కాసేపటికి కిందనుంచి చప్పుడు లేదు. వంగి చూశాను. పాత చక్రాన్ని వార్తాపత్రిక మీద పెట్టి, వేలితో ఒక్కొక్క రెక్కా వంచి చూస్తున్నాడు. నేను అడగకముందే తలెత్తి, "మామా, ఆరూ ఉన్నయి" అన్నాడు.